మద్రాసు పడవ దారి

చెన్నై బీచ్ స్టేషన్లో వేళచ్చేరి రైలు ఎక్కితే, చేపాక్ దాటాక చాలా దూరం పట్టాల కింద ఒక కాలువ కనిపిస్తుంది. నల్లటి నీళ్లు, ప్లాస్టిక్ చెత్త, నీళ్లలోనే దిగిన కాంక్రీటు స్తంభాలు. రోజూ ఆ రైల్లో తిరిగేవాళ్లు దాన్ని మురుగుకాలువ అనుకుంటారు. ఒకప్పుడు కాకినాడ నుంచి, బెజవాడ నుంచి, నెల్లూరు తీరం నుంచి మన వాళ్లు పడవల్లో వండుకుని తిని, పడవల్లోనే పడుకుని మద్రాసు చేరింది ఈ నీటి దారిలోనే. దాని పేరు బకింగ్‌హాం కాలువ.

నేను కొరుక్కుపేటలో పుట్టి పెరిగాను. మా తాత బేసిన్ బ్రిడ్జి దగ్గర ఒక కట్టెల అడితిలో లెక్కలు రాసేవాడు. సరుగుడు కట్టెల పడవలు రేవులో ఆగడం, కూలీలు కట్టెలను దించి మణుగుల్లో తూచడం ఆయన జీవితమంతా చూసిన దృశ్యం. ఈ కాలువ గురించి నాకు మొదట తెలిసింది ఆయన నోటి నుంచే. పుస్తకాలు ఆ తరువాత వచ్చాయి.

మద్రాసుకు మొదట్లో రేవు లేదు. ఓడలు సముద్రంలో దూరంగా ఆగేవి, సరుకు మసూలా పడవల్లో అలల మీదుగా ఒడ్డుకు చేరేది. ఊరికి ఉప్పు కావాలి, కట్టెలు కావాలి. అవి ఉత్తరపు తీరంలో ఉన్నాయి. 1801లో బాసిల్ కొక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా కాలువ తవ్వే పని చేపట్టాడు. 1806 నాటికి పడవలు నడిచాయి. చాలాకాలం దాన్ని కొక్రేన్ కాలువ అనే పిలిచారు. 1837లో ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. తరువాత పులికాట్ దాటించి, అంచెలంచెలుగా ఉత్తరానికి పొడిగిస్తూ పోయింది.

అదే కాలంలో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. 1855కల్లా బెజవాడలో కృష్ణ ఆనకట్టా లేచింది. డెల్టా కాలువల్లో సాగునీటితో పాటు పడవలూ సాగాయి. కృష్ణా డెల్టా నుంచి కొమ్మమూరు కాలువ దక్షిణంగా వచ్చి పెదగంజాం దగ్గర ఈ ఉప్పునీటి కాలువను కలుసుకుంది. గోదావరి వడ్లకు మద్రాసు దాకా నీళ్ల మీదే దారి దొరికింది.

ఈ దారిలో మద్రాసు ఊరి నడుమ ఒక తెంపు మిగిలిపోయింది. కూవం నది నుంచి అడయారు నది దాకా సుమారు ఎనిమిది కిలోమీటర్లు. దాన్ని తవ్వించింది కరువు. 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువులో దక్షిణాదిన లక్షల మంది చనిపోయారు. పల్లెలు ఖాళీ చేసి మద్రాసుకు నడిచివచ్చిన జనానికి ప్రభుత్వం చూపిన పనుల్లో ఈ తవ్వకం ఒకటి. ఆ కరువు పనుల కూలిని 1877 మొదట్లో, పర్యవేక్షణకు ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ తగ్గించేశాడు. రోజంతా మన్ను మోసినవాడికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన కొద్దిపాటి డబ్బులు. ఆ తిండితో మనిషి బతకలేడని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. తరువాత కొన్ని నెలలకు కూలి పెంచారు. 1878లో కాలువకు అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు పెట్టారు. తవ్విన వాళ్ల పేర్లు ఎక్కడా చెక్కలేదు.

పెదగంజాం నుంచి తమిళనాట మరక్కాణం దాకా ఈ కాలువ పొడవు దాదాపు 420 కిలోమీటర్లు. అందులో 258 కిలోమీటర్లు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. సముద్రానికి దగ్గరగా, దాదాపు సమాంతరంగా సాగే దారి కాబట్టి పోటు వస్తే నీళ్లు లేస్తాయి, పాటుకు తగ్గుతాయి. నదులు అడ్డం వచ్చే చోట ఇటూ అటూ లాకులు కట్టారు. లాకు దగ్గర నీళ్లు సమం అయ్యేదాకా పడవలు వరసగా ఆగేవి. ఎండాకాలం దక్షిణపు గాలికి తెరచాప ఎత్తితే పడవ నెల్లూరు వైపు తేలికగా పోయేది. ఈశాన్యపు గాలులు మొదలైతే మద్రాసు వైపు ప్రయాణం సులువు. గాలి ఎదురైతే గెడ వేయాలి, లేదా మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగాలి. చినగంజాం కొటార్ల ఉప్పు, డెల్టా బియ్యం, శ్రీహరికోట అడవి కట్టెలు, అన్నీ ఇలాగే వచ్చేవి. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి తీసుకునే దాకా మద్రాసు పొయ్యిల్లో ఆ దీవి కట్టెలు మండాయని మా తాత గర్వంగా చెప్పేవాడు.

ఈ దారిలో రాత్రి ప్రయాణానికి సాహిత్యంలోనూ చోటు ఉంది. తమిళ కవి భారతిదాసన్ 1934లో మిత్రులతో కలిసి మద్రాసు నుంచి మహాబలిపురానికి పడవలో వెళ్లాడు. ఆ ప్రయాణం మీద కవిత రాశాడు. విహారానికి బయలుదేరిన కవి కళ్లు పడవ నడపడానికి ఒళ్లు వంచే మనుషుల మీద ఆగాయి. అందుకే ఆ కవిత నాకు ఇష్టం.

చిన్ననాటి మిత్రుడితో కలిసి నేనూ ఆ నీటి మీద ఒక రాత్రి గడిపాను. ఊళ్లో పడవ నడవదు కాబట్టి పులికాట్ వెళ్లాం. తెలుగువాళ్లు ప్రళయకావేరి అని పిలుచుకునే సరస్సు అది. ఆ సరస్సు దీవుల్లోని తెలుగు పలుకును స.వెం. రమేశ్ తన కథల్లో బతికించాడు. ఒక జాలరి తన పడవలో మమ్మల్ని ఎక్కించుకున్నాడు. పొద్దుగూకేసరికి తన జాలరి కుప్పం పక్కన లంగరు వేసి, ఇంట్లోంచి చేపల పులుసు తెచ్చి పెట్టాడు. దుప్పట్లు కప్పుకుని పడవలోనే వాలాం.

"ఒరే, మన తాతలు ఇట్టానే పడుకుని వచ్చుంటారు రా," అన్నాడు మిత్రుడు.

జాలరి కల్పించుకున్నాడు. "పడుకున్నోళ్లు ఎక్కినోళ్లు సార్. మా నాయన గట్టు మీద నడిచినోడు. తాడు ఒరుసుకుని ఆయన భుజం మీద కాయ కట్టిపోయుండేది. చచ్చేదాకా అది పోలేదు."

ఆ మాట తరువాత మాకు కాలువ ఇంకోలా కనిపించింది. దాని చరిత్ర తవ్వినవాళ్ల ఆకలిలోనూ, లాగినవాళ్ల భుజాల మీదా ఉంది.

1899లో మద్రాసు, బెజవాడల మధ్య రైలు నడవడంతో ప్రయాణికులు తగ్గారు. లారీలు వచ్చి సరుకునూ తీసుకుపోయాయి. 1965, 66 తుపానులు గట్లను, లాకులను దెబ్బతీశాయి. మద్రాసు నడుమ మురుగు చేరింది. 1990లలో రైలు స్తంభాలు కాలువలోనే దిగాయి. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. అయినా చెన్నై నడుమ ఈ నీళ్ల మీద పడవ కనపడదు.

ఇది పాత జ్ఞాపకం మాత్రమే అనుకోవద్దు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు చాలా చోట్ల లోపలికి దూసుకొచ్చిన నీళ్లను ఈ కాలువే తనలో ఇముడ్చుకుంది. దాని వెనక ఉన్న ఊళ్లకు దెబ్బ తగ్గింది. వానాకాలంలో ముంపునీటికి సముద్రం దారి చూపేదీ ఇదే. దాన్ని పూడ్చుకుంటూ పోతే వరద మన ఇళ్లలోకే వస్తుంది.

చెన్నైలో ఉన్న తెలుగువాళ్లం, నెల్లూరు, ప్రకాశం, బాపట్ల తీరాల్లో ఉన్నవాళ్లం కలిసి అడగాల్సినవి రెండున్నాయి. కాలువలోకి మురుగు వదలడం ఆపాలి, ఆక్రమణలు తీసేయాలి. కూవం, అడయారు నదుల మధ్య తవ్విన ఆ ఎనిమిది కిలోమీటర్ల దారిలో ఎక్కడో ఒకచోట, ధాత కరువులో పిడికెడు గింజల కోసం మన్ను మోసినవాళ్లకు ఒక శిలాఫలకం నిలపాలి. గవర్నరు పేరు ఉండనీయండి, పక్కన వాళ్ల ఊసు కూడా ఉండాలి. మీ ఇంట్లో ఈ దారిన పడవలో వచ్చిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే, వాళ్లు చెప్పేది ఈ రోజే రాసి పెట్టుకోండి.