షిలోహు మందిరం ఉన్న లోయ

ఈసారి మిమ్మల్ని ఒక కొండ దగ్గరకు తీసుకువెళ్ళాలని ఉంది. మీలో అనేకులు ఆ కొండ పేరు విని ఉండరు. అయినా నాతో కూడ కొంచెం దూరం నడవండి. చివరకు వచ్చేసరికి అది మన ఇంటి సంగతే అని మీకు తోచవచ్చు.

బ్రిటన్ దీవికి పడమటి వైపున వేల్స్ అనే చిన్న దేశం ఉంది. దాని వాయవ్య మూలన, చేయి చాచినట్లు సముద్రంలోనికి సాగిన నేలను లీన్ ద్వీపకల్పం అంటారు. దాని ఉత్తరపు ఒడ్డున మూడు శిఖరాల కొండ ఒకటి నిలిచి ఉంది. వెల్ష్ భాషలో దాని పేరు ‘అర్ ఐవుల్’. ఆ మాటకు ‘పంగలు’ అని అర్థం చెబుతారు. పంగలకర్రను తలక్రిందులుగా పాతినట్లు దూరానికి కనబడుతుంది గనుక ఆ పేరు వచ్చింది. ఇంగ్లీషువారి చెవికి అది ‘రైవల్స్’ అని వినబడింది. అంటే ప్రత్యర్థులు! పంగలు ప్రత్యర్థులైపోయాయి. ఒక భాషలోని పేరు ఇంకొక భాష నోట పడితే అర్థం ఎలా జారిపోతుందో చూశారా? ఈ చిన్న సంగతిని మనసులో ఉంచుకోండి. మరల దీని దగ్గరకు వద్దాము.

ఈ కొండ ఎత్తు 564 మీటర్లు మాత్రమే. అయితే సముద్రపు అంచు నుండే పైకి లేస్తుంది గనుక చూచేవారికి చాలా ఎత్తుగా అగుపిస్తుంది. తూర్పు వైపు శిఖరం మీద ‘త్రెర్ కైరీ’ అనే పాత రాతికోట ఉంది. ఆ పేరుకు రాక్షసుల ఊరు అని అర్థం. లోపల సుమారు 150 రాతి గుడిసెల గోడలు నేటికీ నిలిచి ఉన్నాయి. చుట్టూ ఉన్న ప్రాకారం కొన్నిచోట్ల మనిషికి రెండంతల ఎత్తు. క్రీస్తు పూర్వం నుండి రోమా ప్రభుత్వపు కాలం వరకు అక్కడ మనుష్యులు కాపురం ఉన్నారు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చారు, అంతే. తరువాతి తరాలవారు దాన్ని చూచి ఇది మనుష్యుల పని కాదు, రాక్షసులదే అనుకున్నారు. 1903లో అక్కడ త్రవ్వి చూచినవారిలో ఒకరు సబీన్ బేరింగ్ గూల్డ్ అనే దైవజనుడు. ‘ఆన్‌వర్డ్ క్రిస్టియన్ సోల్జర్స్’ అనే ఇంగ్లీషు కీర్తన మీకు తెలుసు కదా, దాన్ని వ్రాసినవాడు ఆయనే. ఆయనా, ఆయన తోటివారూ ఆ గుడిసెలలో రాక్షసుల ఎముకలను కాదు, సామాన్య జనులు వాడిన వస్తువులను చూచారు.

కొండకు ఈశాన్యాన క్లినోగ్ వౌర్ అనే గ్రామం ఉంది. అక్కడ బైనో అనే భక్తుని పేరున పెద్ద రాతి దేవాలయం ఉంది. మధ్యయుగంలో యాత్రికులు అక్కడ కూడుకొని, ఈ కొండ ప్రక్కగా నడిచి, పిస్తిల్ అనే చోట ఉన్న చిన్న దేవాలయంలో ఆగి, ద్వీపకల్పం కొసకు చేరేవారు. అక్కడ నుండి పడవ మీద ఎన్‌లీ ద్వీపానికి దాటేవారు. ఇంగ్లీషువారు దాన్ని బార్డ్సీ అంటారు. ఆ ద్వీపంలో ఇరవై వేలమంది పరిశుద్ధులు సమాధి చేయబడ్డారని జనులు చెప్పుకొనేవారు. మూడుసార్లు అక్కడికి వెళితే ఒకసారి రోమాకు వెళ్ళినట్లే అని కూడ అనేవారు. ఆ లెక్క నిజమా కాదా అని మనం వాదించనక్కరలేదు. రోమాకు వెళ్ళే స్తోమత లేని పేదవాడు కూడ నడవగల దారి ఒకటి ఉండేది, అదీ గమనించవలసినది. 1537లో రాజాజ్ఞ వలన ఆ ద్వీపంలోని మఠం మూతబడింది.

ఇప్పుడు కొండకు సముద్రం వైపు దిగుదాము. అక్కడ మూడు ప్రక్కల కొండ, ఒక ప్రక్క సముద్రం ఉన్న ఇరుకైన లోయ ఉంది. పేరు నాంట్ గుర్థైర్న్. ఆ లోయను గూర్చి ఒక పాత కథ చెబుతారు. క్లినోగ్ నుండి ముగ్గురు సన్యాసులు సువార్త చెప్పుటకు వచ్చారట. అక్కడి జాలరులు వారిని రాళ్ళతో తరిమివేశారట. అప్పుడు ఆ ముగ్గురూ మూడు శాపాలు పెట్టారట. ఆ లోయలో పుట్టినవారు ఒకరినొకరు పెళ్ళాడలేరు. వారికి పవిత్రమైన భూమిలో సమాధి దొరకదు. చివరకు ఊరే నశిస్తుంది. ఇది చరిత్ర కాదు, కథ. అయితే ఊరు నిజంగానే ఖాళీ అయింది. దానికి కారణం శాపమా? చూద్దాము.

19వ శతాబ్దంలో లివర్‌పూల్, మాంచెస్టర్ వంటి పట్టణాలు ఎంతో వేగంగా పెరిగాయి. వాటి వీధులలో పరచుటకు గట్టి రాయి కావలసి వచ్చింది. ఈ కొండ అంతా గట్టి నల్లరాయే. కొండకు ఒక ప్రక్క త్రెవోర్ అనే గ్రామం 1856లో కేవలం రాతి క్వారీ కొరకే వెలిసింది. 1860ల నుండి ఈ లోయలో కూడ క్వారీలు తెరిచారు. 1878లో పనివారి కొరకు రెండు వరుసల ఇళ్ళు కట్టారు. అదే సంవత్సరం ఒక ప్రార్థనా మందిరం కూడ కట్టి దానికి ‘సైలో’ అని పేరు పెట్టారు. మన బైబిలులోని షిలోహే అది. రాళ్ళు కొట్టేవారు వారమంతా చేతులు పగిలేలా కొట్టి, ఆదివారం ఆ మందిరంలో కూడుకొని తమ స్వభాషలో పాడేవారు. చెక్కిన రాళ్ళు పడవలలో పోయేవి. పై ఊరికి వెళ్ళాలంటే నిటారుగా ఉన్న మెలికల దారి ఎక్కాలి.

అయితే రోడ్లకు తారు, కాంక్రీటు వచ్చాయి. పరచురాళ్ళు అడిగేవారు తగ్గిపోయారు. క్వారీలు ఒకదాని వెనుక ఒకటి మూతబడ్డాయి. పని లేనిచోట యౌవనస్థులు ఎందుకుంటారు? ఒక్కొక్క కుటుంబం ఆ మెలికల దారి ఎక్కి వెళ్ళిపోయింది. 1959 నాటికి చివరివారు కూడ వెళ్ళిపోయారు. కప్పులు కూలాయి. షిలోహు మందిరంలో పాట ఆగిపోయింది. చదువరీ, సన్యాసుల శాపం ఆ ఊరిని చంపలేదు. రాతికి ధర పడిపోవుట చంపింది. మన పల్లెలలో మగ్గం ఆగిన వీధులను, చెరువు ఎండిన ఊళ్ళను మీరు చూచి ఉంటారు. వాటికి కూడ ఏదో ఒక శాపపు కథ అంటగట్టి చేతులు దులుపుకొనుట మనకు సుళువు.

ఇళ్ళు పడిపోవుట ఒక నష్టం. అంతకంటె పెద్ద నష్టం ఇంకొకటి అప్పటికే ఆ దేశమంతటా జరుగుచుండెను. 1536లో ఇంగ్లండు పార్లమెంటు వేల్స్ న్యాయస్థానాలలో ఇంగ్లీషు తప్ప వేరొక భాష చెల్లదన్నది. అదే పార్లమెంటు 1563లో వెల్ష్ భాషలోనికి బైబిలును తర్జుమా చేయవలెనని చట్టం చేసింది. 1588లో విలియం మోర్గన్ ఆ పని పూర్తిచేశాడు. కోర్టులోనుండి వెళ్ళగొట్టబడిన భాషకు ప్రసంగపీఠం మీద చోటు దొరికింది. 18వ శతాబ్దంలో గ్రిఫిత్ జోన్స్ అనే దైవసేవకుడు ఊరూరా తిరిగే బడులు పెట్టించి, కూలివారికి, వారి పిల్లలకు వెల్ష్ బైబిలు చదువుట నేర్పించాడు. 1800లో మేరీ జోన్స్ అనే అమ్మాయి బైబిలు కొరకు బాలా పట్టణానికి సుమారు 40 కిలోమీటర్లు నడిచిన సంగతి మన సండే స్కూలు పిల్లలకు కూడ తెలుసు. వెల్ష్ బైబిళ్ళ కొరతను గూర్చి బాలా బోధకుడు థామస్ చార్లెస్ పడిన భారమే 1804లో లండనులో బైబిలు సొసైటీ పుట్టుటకు కారణమైంది. ఆ సొసైటీ తరువాత మన తెలుగుతో సహా ఎన్నో భాషలలో లేఖనముల ముద్రణకు సహాయపడింది. కాబట్టి ఆ దేశానికీ మనకూ ఒక నిజమైన సంబంధం ఉంది.

అయినా 1847లో ప్రభుత్వ నివేదిక ఒకటి వెల్ష్ భాషే ఆ ప్రజల వెనుకబాటుకు కారణమని వ్రాసింది. తల్లిదండ్రులు కూడ నమ్మారు. పిల్లలు బాగుపడాలంటే ఇంగ్లీషే అన్నారు. 1901లో ఆ దేశంలో సగంమంది వెల్ష్ మాటలాడేవారు. 2021 లెక్కలలో 17.8 శాతం మాత్రమే, అంటే సుమారు 5,38,000 మంది. 1962 ఫిబ్రవరిలో సాండర్స్ లూయిస్ అనే రచయిత రేడియోలో ఒక ప్రసంగం చేశాడు. ఇలాగే సాగితే 21వ శతాబ్దపు ఆరంభానికి మన భాష సజీవ భాషగా ఉండదు అని హెచ్చరించాడు. ఒక రేడియో ప్రసంగం విని ఊరకుండక కొందరు యౌవనస్థులు లేచి, ఆ సంవత్సరమే భాష కొరకు ఒక సంఘం స్థాపించారు.

మరి కొండ క్రింది లోయ సంగతి? 1970లో కార్ల్ క్లౌస్ అనే వైద్యుడు ఆ కొండ దాపున ఉన్న లాన్ ఐల్‌హయర్న్ గ్రామానికి వచ్చాడు. ఆయన మాంచెస్టర్‌లో పెరిగినవాడు. వెల్ష్ పెద్దవాడైన తరువాత నేర్చుకున్నాడు. ఊరి బడి మూసివేస్తామన్నప్పుడు గ్రామస్థులతో కలిసి అడ్డుపడ్డాడు. 1974లో పని కల్పించుటకు వారందరూ కలిసి గ్రామ సహకార సంఘం పెట్టుకొన్నారు. ఎందుకంటే బ్రతుకుతెరువు లేనిచోట భాష నిలువదని ఆయన గ్రహించాడు. తరువాత 1978లో ఒక ట్రస్టు ద్వారా, 25 వేల పౌండ్లు కూడబెట్టి, ఆ పాడుబడిన ఊరును కొన్నారు. కూలిన గోడలు నిలబెట్టారు, కప్పులు వేశారు. 1982లో అక్కడ పెద్దలకు వెల్ష్ నేర్పే తరగతులు మొదలయ్యాయి. అప్పటి నుండి వేలమంది ఆ మెలికల దారి దిగి, ఆ పాత క్వారీ ఇళ్ళలో బసచేసి, తాతముత్తాతల భాష నేర్చుకొని వెళ్ళారు. శాపం ప్రకారం పెళ్ళిళ్ళు జరగకూడని ఆ లోయలో నేడు పెళ్ళిళ్ళు జరుగుచున్నవి. షిలోహు మందిరాన్ని బాగుచేసి, ఆ లోయ చరిత్రను చూపే ప్రదర్శన పెట్టారు. క్లౌస్ 2021లో కన్నుమూశాడు. ఆ కొండ ఉన్న గ్వినెడ్ జిల్లాలో 2021 లెక్కల నాటికి 64.4 శాతం మంది వెల్ష్ మాటలాడుచున్నారు.

పాత నిబంధనలోని షిలోహు పాడైపోయి, తరువాతి తరాలకు హెచ్చరికగా మిగిలింది. ఈ షిలోహు కూడ పాడైంది. కాని ఇది హెచ్చరికతో ఆగలేదు. ఎవరో ఒకరు రాయి మీద రాయి మరల పెట్టారు. అయినా నిజం చెప్పాలి. అక్కడ ప్రదర్శన ఉంది గాని, ఆ రాళ్ళు కొట్టేవారి ఆదివారపు కూడిక తిరిగి రాలేదు. పోయినదంతా తిరిగి రాదు. అందుకే పోకముందే చూచుకోవాలి.

చదువరీ, ఇప్పుడు మీ ఇంటికి వద్దాము. మీ నాయనమ్మ చేతిలో నలిగిన తెలుగు బైబిలు ఉంది. కీర్తనల పుస్తకం ఉంది. మీ పిల్లవాడు ఆ కీర్తన పాడగలడు, కాని చాలా ఇళ్ళలో దాన్ని ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకొని పాడుచున్నాడు. అమెరికాలోనే కాదు, హైదరాబాదులో, విజయవాడలో కూడ. ఇంగ్లీషు నేర్పవద్దని ఎవరూ చెప్పరు. అది అన్నం పెట్టే భాష, నేర్పండి. అయితే రెండవది నేర్చుకొనుటకు మొదటిది పారవేయనక్కరలేదు. అర్థం తెలియక నోట పలికిన మాట, పంగలు ప్రత్యర్థులైనట్లే, మెల్లగా వేరొకటైపోతుంది.

ఈ ఆదివారం సాయంత్రం అరగంట తీరిక చేసుకోండి. ఆ నలిగిన పుస్తకం తెరచి, పిల్లవాని వ్రేలు పట్టుకొని, ఒక్క వచనం అక్షరం అక్షరంగా చదివించండి. రాయి మీద రాయి అలాగే పేరుస్తారు.