వర్షపాతమును మరుభూమి నిర్ణయమును: అనంతపుర సీమ సాక్ష్యము

ఏడాదికి 250 మి.మీ. కంటె తక్కువ వాన కురియు ప్రదేశము ఎడారియను పాఠ్యగ్రంథ సూత్రము కంఠస్థము చేయుటకు సులభమే కాని, దానిని చేతబట్టుకొని భూగోళమును పరిశీలింపబోయినచో మొదటనే చిక్కు వచ్చును. అలాస్కా ఉత్తరాగ్రమందలి బారో ప్రాంతమున వానయు మంచును కలిసినను ఆ పరిమాణమునకు చాలదు. అయినను వేసవిలో అచ్చటి నేల నాచుతోను నీటిమడుగులతోను చిత్తడిగా నుండును. చలిచేత ఆవిరియగునది స్వల్పము. అడుగున సదా గడ్డకట్టియుండు భూమి నీటిని దిగనీయదు. కావున ఆకాశమునుండి దిగిన నీటినే లెక్కించి, ఆకాశము మరల లాగికొను నీటిని విడిచిన నిర్ణయము సగము నిర్ణయమే.

శీతోష్ణస్థితులను వర్గీకరించిన వ్లదిమీర్ కొప్పెన్ ఈ కారణముచేతనే ఎడారికి ఉష్ణోగ్రతను, వాన ఋతువును బట్టి మారు హద్దును గీసెను. వానలో నూటికి డెబ్బది పాళ్లు వేసవి అర్ధసంవత్సరముననే కురియు చోట, సగటు ఉష్ణోగ్రతను 20 చేత హెచ్చవేసి 280 కలుపగా వచ్చు మిల్లీమీటర్లు శుష్కతకు ఎల్ల. అందు సగమునకు లోబడినది ఎడారి, సగమునకు మించి ఆ ఎల్లకు లోబడినది అర్ధశుష్క భూమి. ఎండవేళ కురిసిన వాన త్వరగా ఆవిరియగుటయే ఆ 280కి హేతువు.

జైసల్మేరునకును అనంతపురమునకును సగటు వేడిమి ఇంచుమించు 27 డిగ్రీలే గనుక, ఈ గణితము ననుసరించి రెంటికిని ఎడారి హద్దు సుమారు 410 మి.మీ. జైసల్మేరున కురియునది సుమారు 200 మి.మీ. మాత్రమే. అది నిస్సంశయముగా మరుభూమి. పడమటి కనుమల వర్షచ్ఛాయలో నుండి, నైరుతి మేఘములకు వెనుకను తూర్పు తీరమునకు దూరముగను పడిన అనంతపురమునకు దాదాపు 550 మి.మీ. లభించుచున్నది. కరవు తాకిడికి కుమిలి ఆ సీమను ఎడారియని పిలుచువారి ఆవేదన న్యాయమైనదే. ఆ పేరు మాత్రము శాస్త్రసమ్మతము కాదు.

అట్లని సగటును నమ్మి ఊరడిల్లరాదు. ఎర్రనేలపై పెద్దచినుకుల వాన ఒక్కపెట్టున కురిసినచో పైమన్ను మెత్తబడి పొరగట్టి, నీరు లోనికి దిగక గట్లు తెంచుకొని వంకల పాలగును. మరునాటి ఎండకు ఆ పొర పెళుసెక్కి, మొలకను పైకి రానీయదు. వానకొలపాత్రలో అంకె ఘనముగనే నమోదగును, దుక్కికి పదును మాత్రము చాలదు. వేరుశనగ ఊడలు దిగువేళ మూడు వారములు చినుకు లేకున్నచో, తరువాత కురిసిన వాన ఏటి లెక్కను నింపునే కాని కాయను నింపజాలదు.

ఇంతకంటె విచారింపదగినది బొమ్మనహాళ్ ప్రాంతమున దర్గాహొన్నూరు చెంతనున్న ఇసుకదిబ్బల విషయము. అవి థార్ భూములను తలపించుచు, గాలికి కదలి పొలములపై మేటలు వేయుచున్నవి. ఆ ఇసుక వేదవతీ నది గర్భమునుండి లేచినది. కన్నడదేశమున 1907లో వాణీవిలాససాగరమును, అనంతపుర జిల్లాలో 1961లో భైరవానితిప్ప ఆనకట్టయు ఆ నదిపై వెలసినవి. దిగువ నదీగర్భము ఏళ్ల తరబడి ఎండియుండగా, చెట్టుచేమల మరుగు తొలగిన నేలపై పడమటి గాలి స్వేచ్ఛగా వీచుచున్నది. వాన ఎడారి హద్దునకు మించి కురియుచున్న చోటనే ఇసుక ప్రబలుచున్నందున, హొన్నూరు దిబ్బలకు కారణము వెదకువారు వానకొలపాత్రతోపాటు ఆనకట్ట దిగువ ప్రవాహమును, ఆషాఢమాసపు గాలి వేగమును, ఏటిగట్టున మిగిలిన చెట్లను గూడ ఏటేట లెక్కింపవలసియున్నది.