ధూళిలో దాగిన నిప్పు



పిండి యనగానే మనకు జ్ఞప్తికి వచ్చునది యన్నమే కాని యగ్ని కాదు. అయినను పిండియే పిడుగువలె ప్రేలిన సందర్భములు చరిత్రలో ననేకములు గలవు. వానిలో కొన్నింటిని నేడు విన్నవించెదను.

1785వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీ సాయంకాలము ఇటలీ దేశములోని ట్యూరిన్ నగరమున, రొట్టెల వర్తకుని కొట్టులో నొక కుఱ్ఱవాడు దీపము దగ్గఱ నుంచుకొని పిండి త్రవ్వుచుండెను. పైనున్న పిండి యొక్కుమ్మడిగా జాఱి గాలిలో క్రమ్ముకొనెను. తత్‌క్షణమే పెద్ద మ్రోతతో మంట లేచి వాని ముఖమును చేతులను కాల్చెను. మొరోజో యను ప్రభువు ఆ సంగతిని విచారించి వ్రాయుచు, ఆ యేడు వానలు లేక పిండి మిక్కిలి యెండియుండెనని గుర్తించెను.

1878వ సంవత్సరము మే 2వ తేదీన అమెరికాలోని మినియాపొలిస్ నగరమున, మిసిసిపీ నదీతీరమందలి వాష్‌బర్న్ ‘ఎ’ యను గొప్ప పిండిమర ప్రేలి 18 మంది మరణించిరి. గింజలు లేక వట్టిగా తిరిగిన రాళ్ల యొరపిడి నుండి నిప్పు పుట్టెనని విచారణలో తేలినది.

కట్టెదుంగ మెల్లగా కాలును. దానినే పొట్టుచేసి గాలిలో చల్లినచో ప్రతి రేణువును గాలి చుట్టుకొనును. ఒకటి యంటుకొన్న రెప్పపాటులో నన్నియు నంటుకొనును. మూసిన గదిలో వేడిగాలికి దారి లేక గోడలే బ్రద్దలగును.

మఱి దీపమును రాళ్ల యొరపిడియు లేనిచోట నిప్పెక్కడిది? 1914వ సంవత్సర ప్రాంతమున అమెరికా వాయవ్య రాష్ట్రములలో గోధుమ నూర్చు యంత్రములు పొలములలోనే కాలిపోవుచుండెను. ప్రభుత్వ వ్యవసాయశాఖవారు పరీక్షించి, పొడివాతావరణమున గడ్డియు ధూళియు యంత్రమునందు రాచుకొనుటచే విద్యుత్తు పుట్టుచున్నదని కనుగొనిరి. యంత్రభాగములను తీగతో కలిపి యా తీగను భూమిలోనికి దింపుడని చెప్పిరి.

ఈ విద్యుత్తు క్రొత్తది కాదు. రుద్దిన గడ్డిపరకల నాకర్షించును గనుకనే మన సంస్కృతమున నొక మణికి తృణమణి యని పేరు. గ్రీకులు దానినే ఎలెక్ట్రాన్ అనిరి. 1600లో ఇంగ్లండున గిల్బర్టు పండితుడు ఆ మాటనుండియే ఈ శక్తికి పేరు పెట్టెను.

నేనును బడిలో దువ్వెనను తలకు రాచి కాగితపు ముక్కలను లేపి పిల్లలను నవ్వించుచుంటిని. అందలి యపాయమును మాత్రము చెప్పనైతిని. కొన్నేండ్లకు నా శిష్యుడొకడు రెండుచేతులకు కట్లతో వచ్చెను. వాడు పనిచేయు మరలో నినుపతొట్టికి కట్టిన భూమితీగ తెగిపోగా నెవ్వరును మరల కట్టలేదట. పిండి పోయుచుండగా భగ్గుమన్నదట. “అయ్యవారూ, తాము చూపిన దువ్వెన యాటయే గదా యిది!” అని వాడనగా నాకు నోట మాట రాలేదు. సగము చెప్పిన పాఠము ఋణమై నిలిచినది. ఈ ప్రసంగము ఆ ఋణము తీర్చుకొనుటకే.

కావున మీ కుమారులు, మనుమలు పిండి, పంచదార, గంధకము, రంగుపొడి మొదలగువాని మరలలో పనిచేయుచున్నచో నీ మాటలు చెప్పుడు. ఇనుపపాత్రలకు భూమితీగ యున్నదా యని దినదినము చూడవలెను. ప్లాస్టికు గొట్టములకు తీగ కట్టినను ప్రయోజనము స్వల్పము. విద్యుత్తు వానిలో సులభముగా పాఱదు. దూలములపై పేరుకొన్న ధూళిని గాలితో నూదక మెల్లగా తీయవలెను. 2008వ సంవత్సరము ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రమున నొక చక్కెర కర్మాగారములో మొదటి ప్రేలుడు పేరుకొన్న ధూళిని లేపుటచేతనే మంట యంతటను వ్యాపించి 14 మంది మరణించిరి.

తెగిన తీగను కట్టుటకు గడియ చాలును. కాలిన చేయి మాత్రము మునుపటివలె కాదు. సెలవు.