రక్తం సాక్ష్యం చెప్పిన కథ

పాత తెలుగు సినిమాల్లో ఒక సీను తరచుగా కనిపించేది. ఇన్‌స్పెక్టరు జేబురుమాలుతో కత్తిని పైకెత్తి, దానిమీది మరకను ఒకసారి చూసి, హంతకుడెవరో తెలిసిపోయినట్టు తల ఆడించేవాడు. తరువాతి సీనులో బేడీలు. మనమూ ఒప్పేసుకునేవాళ్లం. నిజానికి ఆ మరకను చూసి "ఇది రక్తమే" అని చెప్పడం కూడా అంత సులువు కాదు. మనిషి రక్తమో మేకదో చెప్పగలగడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. ఫలానావారి రక్తం అని చెప్పడానికి ఇంకో ఎనభై ఏళ్లు పట్టింది.

నేను డాక్టరుని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ఈ సావనీరు చదివేవారిలో డాక్టర్లు చాలామంది ఉంటారు కాబట్టి వారికి తెలిసిన సంగతులు రెండు ముక్కల్లో చెప్పి దాటేస్తాను. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో సగానికి కొంచెం పైగా ప్లాస్మా అనే ద్రవం, మిగిలింది దాదాపు అంతా ఎర్రకణాలు. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో ఎర్రకణాలు 50 లక్షల దాకా ఉంటే తెల్లకణాలు కొన్ని వేలే. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. దానికి కేంద్రకం ఉండదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

ఇక మరక దగ్గరికి వద్దాం. అది రక్తమా, తమలపాకు ఉమ్మా, తుప్పా అని చూడడానికి కొన్ని రసాయన పరీక్షలున్నాయి. టీవీ సీరియళ్లలో చీకటి గదిలో నీలంగా వెలిగే లూమినాల్ 1937లో వాడకంలోకి వచ్చింది. అయితే ఇంట్లో వాడే బ్లీచు తగిలినా అది వెలుగుతుంది. కాబట్టి ఇవన్నీ "రక్తం కావచ్చు" అని మాత్రమే చెప్పే పరీక్షలు.

మనిషి రక్తమా కాదా అన్నది తేల్చినవాడు పాల్ ఊలెన్‌హూత్ అనే జర్మన్ డాక్టరు, 1901లో. ఆయన కుందేలుకి మనిషి రక్తం ఎక్కించాడు. పరాయి రక్తాన్ని ఎదుర్కోవడానికి కుందేలు ఒంట్లో విరుగుడు పదార్థాలు తయారయ్యాయి. ఆ కుందేలు నుంచి తీసిన సీరంలో, ఉప్పునీటిలో నానబెట్టిన మరక నీటిని కలిపితే, అది మనిషి రక్తమైతే తెల్లగా మబ్బు పట్టినట్టవుతుంది. గొర్రెదో పందిదో అయితే తేటగానే ఉంటుంది.

ఆ ఏడాదే దానికి పరీక్ష ఎదురైంది. ర్యూగెన్ అనే దీవిలో ఇద్దరు చిన్నపిల్లలు, అన్నదమ్ములు, అడవిలో హత్యకు గురయ్యారు. అనుమానం లూట్విగ్ టెస్నో అనే వడ్రంగి మీద పడింది. బట్టల మీద మరకలేమిటంటే చెక్కకి వేసే రంగు అన్నాడు. మూడేళ్ల కిందట ఇంకో ఊళ్లో ఇద్దరు ఆడపిల్లలు చనిపోయినప్పుడూ అతను ఇదే మాట చెప్పి బయటపడ్డాడు. ఈసారి బట్టలు ఊలెన్‌హూత్ దగ్గరికి వెళ్లాయి. కొన్ని మరకలు గొర్రెవి, కొన్ని మనిషివి అని ఆయన తేల్చాడు. కొద్ది వారాల ముందు ఆ ప్రాంతంలోనే ఎవరో గొర్రెల్ని కోసి పడేశారు, పారిపోతున్న మనిషిని రైతు చూశాడు. రెండు సంగతులూ అతికాయి. టెస్నోకి మరణశిక్ష పడింది.

ఈ పరీక్ష మన ఊళ్లకీ వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, హత్య కేసులో దొరికిన పంచె, కొడవలి మద్రాసులోని కెమికల్ ఎగ్జామినరు దగ్గరికి వెళ్లేవి. రక్తమే అని ఆయన చెప్తే, మనిషిదా కాదా అని చూడడానికి కలకత్తాలోని ఇంపీరియల్ సిరాలజిస్టుకి పంపేవారు. పాత తీర్పుల్లో ఈ పేరు తరచు కనబడుతుంది. "మనిషి రక్తమే, గ్రూపు మాత్రం తేల్చడానికి వీలులేనంతగా పాడైంది" అనే తరహా నివేదిక స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలా కేసుల్లో వచ్చింది. ఎండకీ ఉక్కకీ మూటలో నెలల తరబడి ఉన్న గుడ్డ మరి ఎలా ఉంటుంది!

గ్రూపుల సంగతి వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో ప్రచురించాడు. ఏ, బీ, ఓ అని మనం ఇప్పుడు పిలిచే మూడింటిని ఆయన కనిపెడితే, ఏబీ మరుసటి ఏడాది ఆయన శిష్యుల చేతికి దొరికింది. దీనికి నోబెల్ బహుమతి 1930 దాకా రాలేదు. ఎండిన మరక నుంచి గ్రూపు తేల్చే పద్ధతిని 1915లో ఇటలీలో లియోనె లాటెస్ సాధించాడు.

ఇక్కడ నా వృత్తి నుంచి ఒక పోలిక చెప్పనివ్వండి. రక్తపు గ్రూపు నాలుగే విలువలున్న, అంటే రెండే బిట్ల చెక్‌సమ్ లాంటిది. రెండు ఫైళ్ల చెక్‌సమ్‌లు వేరైతే ఆ ఫైళ్లు వేరని ధైర్యంగా చెప్పొచ్చు. కలిస్తే మాత్రం ఏమీ తేలినట్టు కాదు. మరక ఓ గ్రూపుదనీ, నిందితుడిదీ ఓ గ్రూపేననీ ప్లీడరు గొంతెత్తి చెప్పినా, ఆ కోర్టు హాల్లో కూర్చున్నవాళ్లలో ఎంతమందిది ఓ గ్రూపో! గ్రూపుకి గట్టిగా చెప్పడం వచ్చినది ఒకే మాట: "కాదు".

ఆ "కాదు"ని కూడా కోర్టు వినకపోతే? చార్లీ చాప్లిన్‌కి అదే జరిగింది. జోన్ బారీ అనే నటికి 1943లో ఆడపిల్ల పుట్టింది, తండ్రి చాప్లినే అని ఆమె దావా వేయించింది. ముగ్గురు డాక్టర్లు రక్తపరీక్ష చేశారు. తల్లిది ఏ, బిడ్డది బీ, చాప్లిన్‌ది ఓ. లెక్క చిన్నది. బిడ్డలోని బీ తల్లి నుంచి రాలేదు, కాబట్టి తండ్రి నుంచే రావాలి. ఓ గ్రూపు మనిషి దగ్గర అది లేదు. అంటే చాప్లిన్ తండ్రి కాడు.

కాలిఫోర్నియా చట్టం ప్రకారం అప్పట్లో రక్తపరీక్ష అనేక సాక్ష్యాల్లో ఒకటి మాత్రమే, తుదిమాట కాదు. బారీ తరఫు లాయరు చాప్లిన్‌ని తల్లీబిడ్డల పక్కన నిలబెట్టి పోలికలు చూడమన్నాడు. మొదటి జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. 1945 ఏప్రిల్‌లో రెండో జ్యూరీ చాప్లినే తండ్రి అని తీర్పు చెప్పింది. పిల్లకి 21 ఏళ్లు వచ్చేదాకా భరణం కట్టాలన్నారు. 1946లో అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. చాప్లిన్ నడవడిక మీద ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. తన బిడ్డ కాదని రక్తం చెప్పాక కూడా ఒక మనిషి తండ్రిగా నిలబడవలసి రావడం నాకు మాత్రం అన్యాయంగానే కనిపిస్తుంది. మనవాళ్లు కూడా బారసాల నాడు ముక్కు తాతదీ, నుదురు మేనత్తదీ అని తేల్చేస్తారు గానీ, ఆ మాట మీద డిక్రీ ఇవ్వరు కదా! ఇలాంటి తీర్పులు మళ్లీ రాకుండా కాలిఫోర్నియా 1953లో చట్టం మార్చుకుంది.

ఈ లెక్కకి ఒక మినహాయింపు ఉంది. అది మన దేశంలోనే, 1952లో బయటపడింది. బొంబాయిలో డాక్టర్ భెండె బృందం కనిపెట్టడం వల్ల దాన్ని బాంబే గ్రూపు అంటారు. ఏ, బీ పదార్థాలు నిలబడడానికి హెచ్ అనే పునాది ఉండాలి. ఈ మనుషుల్లో ఆ పునాదే ఉండదు. మామూలు పరీక్షలో వారిది ఓ గ్రూపులాగా కనిపిస్తుంది గానీ, లోపల దాగి ఉన్న బీ బిడ్డకి వెళ్లగలదు. ఐరోపాలో ఇది బహు అరుదు, చాప్లిన్‌కి ఉండి ఉంటుందనుకోవడానికి ఆధారం లేదు. మన దేశంలో సుమారు పదివేలమందిలో ఒకరికి ఉంటుంది. వీరికి ఓ గ్రూపు రక్తం కూడా ఎక్కించకూడదు.

"కాదు" నుంచి "ఔను"కి దారి 1984లో తెరుచుకుంది. ఇంగ్లండులోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ వేలిముద్రలు కనిపెట్టాడు. డీఎన్‌ఏ ఉండేది కణంలోని కేంద్రకంలో, ఎర్రకణానికి అది లేదు. అంటే మరకను ఎర్రగా కనిపింపజేసే కణాలు ఈ విషయంలో నోరు విప్పవు. సాక్ష్యమంతా వందల ఎర్రకణాలకి ఒకటిగా ఉండే తెల్లకణాలదే.

మొదటి పెద్ద కేసులో డీఎన్‌ఏ చేసిన మొదటి పని కూడా "కాదు" అనడమే. లెస్టర్ దగ్గర 1983లో ఒక పదిహేనేళ్ల అమ్మాయి, 1986లో మరొక అమ్మాయి హత్యకు గురయ్యారు. పదిహేడేళ్ల కుర్రాడు రెండో నేరం తనే చేశానని పోలీసుల దగ్గర ఒప్పుకున్నాడు. రెండు నేరాలూ ఒకరే చేశారు, ఈ కుర్రాడు మాత్రం కాదు అని జెఫ్రీస్ తేల్చాడు. తరువాత పోలీసులు చుట్టుపక్కల ఊళ్లలో సుమారు ఐదువేలమంది మగవాళ్ల దగ్గర నమూనాలు తీసుకున్నారు. కోలిన్ పిచ్‌ఫోర్క్ అనేవాడు తన పేరుతో ఇంకొకణ్ణి పంపి రక్తం ఇప్పించాడు. ఆ సంగతి ఒక పబ్‌లో మాటల్లో బయటపడింది. 1988లో అతనికి యావజ్జీవం పడింది.

రక్తం ఎవరిదో తెలిసినా, అక్కడికి ఎలా చేరిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఓ.జె. సింప్సన్ కేసు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హత్యాస్థలంలో పడిన ఒక చుక్క సింప్సన్‌తో కలిసింది, అలా కలిసే అవకాశం 17 కోట్లమందిలో ఒకరికే అన్నారు. డిఫెన్సు వాళ్లు ఆ అంకెని పక్కన పెట్టి సీసాని పట్టుకున్నారు. సింప్సన్ దగ్గర సుమారు 8 మిల్లీలీటర్ల రక్తం తీశానని నర్సు చెప్పాడు, లెక్క తేలింది ఆరున్నరకే. మిగతా ఒకటిన్నర ఏమైంది? ఆ సీసాని డిటెక్టివు వెంటనే అప్పగించకుండా తన దగ్గరే ఎందుకు ఉంచుకున్నాడు? తాను పొరబడి ఉండొచ్చని నర్సు తరువాత అన్నాడు గానీ, 1995 అక్టోబరులో జ్యూరీ సింప్సన్ నిర్దోషి అంది. ఆడిట్ లాగ్ సరిగా లేకపోతే డేటా ఎంత మంచిదైనా నమ్మరు.

ఈ కథలో మన హైదరాబాదుకి ఉన్న చోటు సింప్సన్ కేసుకి ముందుదే. హబ్సిగూడలోని సీసీఎంబీకి 1987లో వచ్చిన లాల్జీ సింగ్ అంతకుముందు ఏళ్ల తరబడి పాముల క్రోమోజోముల మీద పని చేశారు. ఆడపాము డీఎన్‌ఏలో అవే నాలుగు అక్షరాలు మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలు ఆయనకి కనిపించాయి. అలాంటివి మనుషుల్లోనూ ఉన్నాయి. పట్టీల కట్లపాము నుంచి వచ్చిన ఆ ముక్కనే సాధనంగా చేసుకుని, విదేశీ పేటెంట్ల మీద ఆధారపడకుండా డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతి తయారు చేశారు.

దానికి మొదటి పరీక్ష కేరళలోని తలశ్శేరి కోర్టులో వచ్చింది. ఒక పేద తల్లి తన బిడ్డకి భరణం కోరింది, ఆ మగమనిషి బిడ్డ తనకి పుట్టలేదన్నాడు. చాప్లిన్ కేసులో లాగే మళ్లీ ముగ్గురి రక్తం, తల్లిదీ బిడ్డదీ అతనిదీ, హైదరాబాదు వచ్చింది. ఈసారి రక్తం "ఔను" అంది. బిడ్డ పట్టీలలో తల్లికి చెందనివి అతనివాటితో సరిపోయాయి. లాల్జీ సింగ్ స్వయంగా కోర్టుకి వెళ్లి సాక్ష్యమిచ్చారు. మేజిస్ట్రేటు దాన్ని అంగీకరించి భరణం ఇవ్వమన్నారు, 1991లో కేరళ హైకోర్టు ఆ తీర్పుని సమర్థించింది.