కోయ పడిగెల్లో రూపం, దృక్కోణం

స్థిరవస్తు చిత్రణను గురించిన చర్చ సాధారణంగా ఒక బల్లతో, దానిపై అమర్చిన పండ్లతో, ఎదుట కదలక నిలిచిన ఒక కంటితో మొదలవుతుంది. 1435లో అల్బెర్టి తన చిత్రకళా గ్రంథంలో వివరించిన రేఖాపరిదృశ్యానికి ఆధారం ఆ ఒక్క కన్నే. పంతొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాల్లో సెజాన్ బల్లను ఒక వైపు నుంచి, బుట్టను మరొక వైపు నుంచి చూపి ఆ ఆధారాన్ని సడలించాడు. ఇదే కొలతను ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దుల్లోని కోయ పడిగెలకు వర్తింపజేసి, వాటిలో లోతు లేదనడం తేలిక. పడిగెను గోడకు తగిలించిన పటంగా భావించినప్పుడే ఆ మాట నిలుస్తుంది.

పడిగె త్రికోణాకారపు గుడ్డ. పగిడె అనీ వ్యవహారం. గట్టులుగా విడివడిన కోయల వంశగాథలు, వీరులు, వేల్పులు దానిపై రూపుకట్టాయి. తెలుగులో 'పడగ' శబ్దానికి జెండా అనీ, పాము పడగ అనీ రెండర్థాలున్నాయి. పడిగె ఆకారాన్ని చూసినవారికి ఈ పదసామ్యం తోచకపోదు.

ఆ ఆకారమే చిత్రరచనకు మొదటి నియమం. చేర్యాల నకాషీ పటం నిలువుగా సాగే దీర్ఘచతురస్రం. అడ్డపట్టీలుగా విభక్తమై, కథ నడిచేకొద్దీ విప్పుకుంటుంది. పడిగెకు ఆ సౌకర్యం లేదు. గుడ్డ మొన వైపు సన్నబడేకొద్దీ బొమ్మకు దక్కే ఎత్తు తగ్గుతుంది. పరిదృశ్యానికి అలవాటుపడిన కన్ను చిన్న బొమ్మను దూరాన ఉన్నదిగా గ్రహిస్తుంది. ఇక్కడ మాత్రం చిన్నతనం దూరాన్ని సూచించదు; గుడ్డ ఇచ్చిన చోటునే సూచిస్తుంది. మరి ఏ బొమ్మ ముందు, ఏది వెనుక? ఆ వరుసను నిర్ణయించేది డోలి గాయకుని పాట. అతడు పేరెత్తిన వీరుడే ఆ క్షణాన ముందుకు వస్తాడు. అందువల్ల పడిగెలో దృక్కోణం లేదనడం కంటే, అది చూపు నుంచి వినికిడికి మారిందనడం సమంజసం.

మణుగూరు ప్రాంతానికి చెందిన సకిని రామచంద్రయ్య కంచుమేళంతో కోయ, తెలుగు భాషలు రెంటిలోనూ ఈ గాథలు పాడేవారు. ఆయనకు 2022లో పద్మశ్రీ లభించింది. 2024 జూన్‌లో మరణించారు. జయధీర్ తిరుమలరావు ప్రభృతుల కృషి వల్ల పడిగెలు పరిశోధకుల దృష్టికి వచ్చాయి. గుడ్డను భద్రపరచడం సాధ్యమే. కాని పాట తోడు లేకుండా అద్దాల పెట్టెలో పరచిన పడిగె నిజంగానే స్థిరవస్తువైపోతుంది. పడిగెల పట్టికల్లో కొలత, రంగులతో పాటు గట్టు పేరు, గాయకుడు బొమ్మలను పేర్కొన్న క్రమం, రెండు భాషల్లోని పాఠం కూడా నమోదు కావాలి.