కారులో అద్దాన్ని పట్టుకున్నది ఏది?

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలే అనుకుంటాం. కానీ కారులో డ్రైవరు తలకి ఎదురుగా ఉండే చిన్న అద్దానికి కూడా నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. అందులో నాకు బాగా నచ్చింది అద్దం కాదు, దాన్ని కదలకుండా పట్టుకునే పట్టు. పట్టు ఊగితే అద్దం ఉన్నా లేనట్టే.

మొదట ఆ పట్టు మనిషి చెయ్యే. డొరొతీ లెవిట్ అనే ఇంగ్లండు మహిళ 1909లో కారు నడపడం గురించి ఒక పుస్తకం రాసింది. ఒక చేతి అద్దం దగ్గర పెట్టుకుని, అప్పుడప్పుడు పైకెత్తి వెనక వచ్చే బండ్లని చూసుకోమని ఆడవాళ్ళకి అందులో చెప్పింది. అంటే ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో అద్దం అన్నమాట!

రెండేళ్ళ తర్వాత, 1911 మే 30న, అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో 500 మైళ్ళ పందెం జరిగింది. మిగతా కార్లలో డ్రైవరు పక్కన ఒక మెకానిక్కు కూర్చుని వెనక ఎవరొస్తున్నారో చెప్పేవాడు. రే హారౌన్ మాత్రం ఒక్కడే ఎక్కాడు. మెకానిక్కు బదులు తన మార్మన్ కారుకి ఇనుప కడ్డీలతో ఒక అద్దం బిగించుకున్నాడు. పందెం గెలిచాడు కూడా. అయితే ఆ ఇటుకల దారి మీద అద్దం వణికిపోయి, వెనక సరిగ్గా ఏమీ కనపడలేదని తర్వాత చెప్పాడట.

తర్వాత అద్దాన్ని కారు పైకప్పు అంచుకి స్క్రూలతో బిగించారు. ఇప్పుడు చాలా కార్లలో ముందు గాజుకే ఒక చిన్న లోహపు బిళ్ళని అతికించి, దానికి అద్దం తగిలిస్తారు. ఆ గాజు కూడా మామూలుది కాదు. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి పగిలినా ముక్కలు చెదిరిపోవు. అలాంటి గాజుకి 1909లో పేటెంటు తీసుకున్నది ఎడ్వార్ బెనెడిక్టుస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త. మన యానాం కూడా అప్పుడు ఫ్రెంచివారి పాలనలోనే ఉంది!

పోయిన వేసవిలో మా కారులో బిళ్ళతో సహా అద్దం ఊడిపోయింది. ఎండకి గాజు, లోహం ఒకేలా వ్యాకోచించవు. ఏళ్ళ తరబడి అలా జరిగితే జిగురు వదిలేస్తుంది. నాన్నగారు, నేను ఇంట్లోనే బాగుచేశాం. ముందు గాజు బయటివైపు మైనపు పెన్సిలుతో గుర్తు పెట్టాం. పాత జిగురుని నాన్నగారు బ్లేడుతో గీకారు, నేను స్పిరిటుతో తుడిచాను. బిళ్ళని గరుకు కాగితంతో రుద్ది, స్పేర్ పార్ట్స్ షాపులో తెచ్చిన అద్దాల జిగురు రాసి, ఒక నిమిషం గట్టిగా నొక్కిపట్టాం. మామూలు జిగురు పెళుసుగా ఉండి ఎండకి, కుదుపులకి ఊడిపోతుందని నాన్నగారు వాడనివ్వలేదు.

మర్నాడే మా నాయనమ్మని కంటి పరీక్షకి కాకినాడ తీసుకెళ్ళాలి. “పొద్దున్నే అద్దం తగిలించేద్దామండీ” అన్నాను. “ఒక రోజు ఆగమని ప్యాకెట్ మీద ఉందిరా. వెనక కనపడకుండా నేను కారు తీయను” అన్నారు నాన్నగారు. నాయనమ్మ బస్సులోనే వెళ్ళి వచ్చింది. ఆ సాయంత్రం అద్దం తగిలించాం. ఇప్పుడు ఎదుర్లంక వంతెన మీద కారు ఎంత కుదిపినా, వెనక వచ్చే లారీ అందులో కదలకుండా కనిపిస్తుంది. హారౌన్‌కి ఆ రోజు దొరకనిది అదే.