టోగో దేశంలో పత్తి పరీక్ష



కొత్త విత్తనం సంచిలో పోసుకొని, "ఇది వేసి చూడండి" అంటూ మన ఊరికి ఎవరో ఒకరు వస్తూనే వుంటారు. అట్లా ఒక మహాసముద్రం దాటి, వేరొక దేశపు రైతులకు పత్తి సాగు నేర్పడానికి వెళ్లిన వారి కథ యీ పూట చెప్పుకొందాము.

ఆఫ్రికా ఖండానికి పడమటి తీరాన టోగో అని ఒక చిన్న దేశం వున్నది. 1884లో అది జర్మనీ ఏలుబడిలోకి పోయింది. ఆ రోజుల్లో జర్మనీలో బట్టల మిల్లులు చాలా వుండేవి. వాటికి కావలసిన దూది ఎక్కువ భాగం అమెరికా నుండి రావాలి. అక్కడ పంట తగ్గితే ఇక్కడ ధర పెరిగేది. మన ఏలుబడిలోని నేల మీదనే పత్తి పండించుకొంటే ఒకరి చెయ్యి చూడనక్కర లేదు గదా అని జర్మనీ మిల్లుదార్లు, వ్యాపారస్థులు ఆలోచించారు.

నేర్పేవారెవరు? అమెరికాలోని అలబామా రాష్ట్రంలో టస్కెజీ విద్యాలయమని ఒకటి వుండేది. బానిసగా పుట్టి పెద్దవాడైన బుకర్ టి. వాషింగ్టన్ గారు 1881 నుండి దాన్ని నడుపుతూ, నల్లజాతి యువకులకు వ్యవసాయము, చేతిపనులు నేర్పిస్తున్నారు. జర్మనులు అక్కడికి పోయి మనుషుల్ని ఇమ్మని అడిగారు. పత్తి పండించడం నల్లవారి పని అనే మాట వారి మనసులో నాటుకొని వున్నది. అమెరికాలో ఆ నల్లవారు పాలుకూ, అప్పుకూ కట్టుబడి దొరల భూముల్లో పత్తి పండిస్తున్నారన్న సంగతి వారు ఎరుగనిది కాదు. నిజం చెప్పాలంటే, వారికి నచ్చింది కూడా ఆ పద్ధతే.

1900 నవంబరులో నలుగురు న్యూయార్కులో ఓడ ఎక్కారు. ఉపాధ్యాయుడు జేమ్స్ కాలొవే, అలెన్ బర్క్స్, షెపర్డ్ హారిస్, జాన్ రాబిన్సన్. వెంట ఇనుప నాగళ్లు, బండి సామాను, గింజ తీసే జిన్ను మర, విత్తనాలు. టోగోలోని లోమే రేవులో అప్పటికి ఓడ ఒడ్డుకు వచ్చే వీలు లేదు. ఎగిరిపడే అలల మీద పడవల్లో సామాను దించాలి. అక్కడి నుండి లోతట్టున వున్న తోవే గ్రామానికి ఊరివాళ్లే దాన్ని మోసుకొని పోయారు.

నాగలి వుంటే సరా? ఎద్దు కావాలి గదా! ఆ ప్రాంతంలో సెట్సీ అనే ఈగ వున్నది. అది కుట్టిన పశువు చిక్కి శల్యమై చచ్చిపోతుంది. తెచ్చిన గుర్రాలు, పశువులు నిలవలేదు. ఆ దేశంలో నాగలి ఎందుకు లేదో, అందరూ చేతి గుద్దలితోనే ఎందుకు సేద్యం చేస్తారో అప్పుడు తెలిసివచ్చింది. కాలొవే గారి బండిని చివరకు మనుషులే లాగవలసి వచ్చింది.

విత్తనం సంగతీ అంతే. అమెరికా రకాలు అక్కడి వానల వరసకు అమరలేదు. ఎప్పుడు విత్తాలన్నది ఏటేటా పరీక్ష చేసి తెలుసుకోవలసి వచ్చింది.

ఇక్కడ ఒక మాట. టోగోవారికి పత్తి కొత్త కాదు. ఆ ప్రాంతపు ఎవే జాతివారు ఎన్నో తరాలుగా పత్తి పెంచుతున్నారు. ఆడవాళ్లు నూలు వడికేవారు, మగవాళ్లు సన్నని పట్టీలుగా నేసి వాటిని కలిపి కుట్టి బట్ట చేసేవారు. దూదికి ఊళ్లోనే గిరాకీ వుండేది. పెండలము, మొక్కజొన్నల నడుమ పత్తి మొక్కలు వేసేవారు. ఒకటి పోతే ఒకటి దక్కుతుంది. తిండికి లోటు రాదు. పత్తి సాళ్ల మధ్య కందులు వేసే మన రైతుకు యీ లెక్క వేరే చెప్పాలా? జర్మను అధికారులకు మాత్రం అది చిందరవందర సేద్యంగా కనబడింది. మడి మొత్తం పత్తే వుండాలి, అదీ ఎగుమతి రకమే వుండాలి అన్నారు.

ప్రాణనష్టం తక్కువ కాలేదు. 1902లో హారిస్ జ్వరంతో చనిపోయాడు. ఆ సంవత్సరమే టస్కెజీ నుండి వచ్చిన రెండో జట్టులో ఇద్దరు, లోమే ఒడ్డున పడవ తిరగబడి మునిగిపోయారు. చివరికి నిలబడి పనిచేసినవాడు రాబిన్సన్. ఆయన స్థానిక పత్తిని తోసిపుచ్చక, దాన్ని అమెరికా పత్తితో సంకరం చేసి ఆ నేలకు తగిన రకం తీశాడు. 1904లో నోచే అనే ఊళ్లో పత్తి పాఠశాల పెట్టి, జిల్లాల నుండి వచ్చిన యువకులకు మూడేళ్ల శిక్షణ ఇచ్చాడు. వచ్చిన అని అంటున్నాము గాని, చాలామందిని అధికారులు బలవంతాన పంపినవారే. చదువు ముగిసినా, చెప్పినచోట కాపురముండి చెప్పిన పంటే వేయాలి. ధర రైతు చేతిలో లేదు.

మన దగ్గరా ఇటువంటిది జరిగింది. 1840 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ అమెరికా సాగుదార్లను రప్పించింది. మద్రాసు రాజధానిలో కోయంబత్తూరు కేంద్రంగా డాక్టర్ రాబర్ట్ వైట్ అనే వృక్షశాస్త్రజ్ఞుని ఆధ్వర్యాన అమెరికా పత్తిని పరీక్షించారు. పదేళ్లు దాటాక 1853లో ఆయన ఇంగ్లండు వెళ్లిపోయాడు. అది మరొక రోజు చెప్పుకోవలసిన కథ.

టోగో నుండి ఎగుమతి, బాగా పెరిగిన రోజుల్లో కూడా, ఏటా 500 టన్నుల దరిదాపే. జర్మనీ మిల్లుల అవసరంలో అది నూటికి 1 వంతుకు కూడా రాదు. రాబిన్సన్ 1909లో మోనో నది దాటుతూ నీట మునిగి పోయాడు. 1914 ఆగస్టులో ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలు టోగోను పట్టుకొన్నాయి. జర్మనీ పత్తి ఆశ అక్కడితో తీరిపోయింది. 1960లో టోగో స్వతంత్రమైంది. ఇప్పటికీ అక్కడ పత్తి పండుతున్నది, వాన మీద ఆధారపడి, చిన్నకారు రైతుల పొలాల్లో.